15 వాట్ల వైర్‌లెస్ ప్యాడ్ 20 నిమిషాలకే ఆగిపోతోంది

పర్లాకిమిడిలో మా షాపులో అమ్మిన 15 వాట్ల వైర్‌లెస్ ప్యాడ్లు వరసగా వెనక్కొస్తున్నాయి. ఐఫోన్ 13 పెడితే 20 నిమిషాలు చార్జింగ్ ఎక్కి, ఎర్ర లైటు మినుకుమంటూ ఆగిపోతోంది. పది నిమిషాలు చల్లారితే మళ్లీ మొదలు. యూఎస్‌బీ మీటర్లో 9 వోల్టులు, 1.1 ఆంపియర్. (మామూలు క్యూఐ, అంటే వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణం, ప్యాడ్ మీద ఐఫోన్ తీసుకునేది 7.5 వాట్లే, డబ్బా మీద ఏం రాసినా.)

20 వాట్ల పీడీ (ఫాస్ట్ చార్జింగ్) అడాప్టర్, కేబుల్ మార్చాను. కవర్ తీశాను, వెనక ఇనప రింగు లేదు. ఫోన్‌ని ప్యాడ్ లోపలి కాయిల్ (తీగచుట్ట) మధ్యలోనే పెట్టాను. ఫ్యాన్ కింద 35 నిమిషాలు లాగింది. కాలుతున్నది ప్యాడే, ఫోన్ గోరువెచ్చగానే ఉంది.

ఐఓఎస్ 17.2 నుంచి ఈ ఫోన్ క్యూఐ2 (అయస్కాంతంతో అతుక్కునే కొత్త రకం క్యూఐ) తీసుకుంటుంది. కానీ బరంపురం హోల్‌సేల్లో ఆ ప్యాడ్ ఖరీదెక్కువ. ఐఫోన్ 13కి క్యూఐ2 ప్యాడ్ వాడుతున్నవాళ్లు చెప్పండి: ఫ్యాన్ లేని గదిలో ఎన్ని నిమిషాలు ఆగకుండా ఎక్కుతోంది?