స్టేర్ అంటే బిత్తరపు చూపేనా?

పెదవాల్తేరు: మా పాప ఇంగ్లీషు పాఠంలో 'స్టేర్' వచ్చింది. కళ్లప్పగించి చూడటం అని చెప్పాను. అప్పట్నుంచీ మనుచరిత్ర ముక్క ఒకటి బుర్రలో తిరుగుతోంది. 'అనిమేషస్థితి మాన్పె బిత్తరపుఁ జూపు, స్వేద...' ఆ తర్వాత గుర్తు రావట్లేదు. అప్సరస వరూధిని ప్రవరుణ్ణి చూసింది స్టేరే కదా?

భీమిలి: 'చూపు, స్వేద' కాదండీ. 'చూపస్వేదతావృత్తి మాన్పె నవస్వేదసమృద్ధి'. చెమట పట్టకపోవడం దేవతల లక్షణం, దాన్ని కొత్త చెమట మాన్పింది. మీరు చదివినట్టయితే అర్థం తిరగబడుతోంది.

పెదవాల్తేరు: గణాలు సరిపోతున్నాయిగా మాస్టారూ?

భీమిలి: గణాలు సరిపోయినా, యతి పట్టిస్తుంది. ఇది మత్తేభ పద్యం, పద్నాలుగో అక్షరం మొదటిదానితో కుదరాలి. మొదట 'అ', ఇక్కడ 'చూపు + అస్వేద'లోని 'అ'. 'పు' అంటే యతి చెడుతుంది.

ఎంవీపీ కాలనీ: అసలు సంగతి వదిలేశారు. రెప్ప వాలకపోతేనే స్టేర్. ఇక్కడ వాలింది! అనిమేషస్థితి పోవడమంటే అదేగా. అయినా రెప్పే వాలని దేవతకి స్టేర్ ఏమిటి? ఆర్పగలిగీ ఆర్పకపోతే కదా.

ఫిషింగ్ హార్బర్: అమరకోశం 'సురమత్స్యావనిమిషౌ' అంది. దేవతలూ చేపలూ ఇద్దరూ అనిమిషులే. పొద్దున్నే వంజరం కన్ను తేటగా ఉందా అని చూసి బేరమాడతాం. అది మనల్ని స్టేర్ చేస్తోందంటామా?

గాజువాక: ఇంగ్లీషులో స్టేర్, స్టార్చ్ ఒక కుదురు మాటలే. బిగుసుకోవడం అసలు అర్థం. అంటే గంజి పెట్టిన చూపు! 'బిర్రచూపు' అందామా? నవ్వకండి.

ఎంవీపీ కాలనీ: నవ్వాను. బిత్తరపు చూపు బిర్రగా ఉండదు, బెదురుతుంది.

భీమిలి: బెదురు 'బిత్తరపోవు'లోది. 'బిత్తరి'లో ఉన్నది వయ్యారం. పెద్దన రెండూ ఉద్దేశించాడని నా పట్టుదల. మనిషిని తలచి తలచి మనిషి లక్షణాలు తెచ్చుకుందట, తుమ్మెదనే తలచి పురుగు తుమ్మెదైనట్టు, భ్రమరకీటన్యాయం! ఆ ఊహ ఇంకెవరికి తడుతుంది?

ఎంవీపీ కాలనీ: న్యాయం సరే, సరుకు పాతదే. భారతంలో నలుగురు దేవతలు నలుడి రూపంలో వస్తే, దమయంతి ఆ అయిదుగురు నలుల్లో అసలువాణ్ణి పట్టింది రెప్పపాటు, చెమటలాంటి గుర్తులతోనే.

భీమిలి: అక్కడ గుర్తుపట్టడానికి పనికొచ్చాయి. ఇక్కడ ప్రేమలో పడ్డాక ఒంటిమీదికి వచ్చాయి. తేడా లేదూ?

పెదవాల్తేరు: అయ్యా, పాప రేపు నోట్సులో ఏం రాయాలి?

భీమిలి: ఉండండి. పద్యంలో తర్వాత 'మోహవిభ్రాంతి తోడనె' అని వస్తుంది. ముందు ఆ 'తోడనె' మోహవిభ్రాంతికి చెందుతుందా, తర్వాతి వాక్యానికా తేల్చాలి.