గోపాల్‌పూర్ ఒడ్డున మన జాలర్ల వీధి ఎప్పటిది?

ప్రశ్న (బరంపురం నుంచి):
అందరికీ నమస్కారం. మా నాయనమ్మ పుట్టిల్లు ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బడిలో ఒడియా చదువుకున్న మేము వలస వచ్చినవాళ్లమని ఆఫీసులో ఒకరు అన్నారు. అది నిజమేనా? "మీ ముత్తాత మనుషుల్ని రంగం ఓడ ఎక్కించేవాడు" అని నాయనమ్మ అంటుంటుంది. ఆ మాటకు అర్థమేమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (ఛత్రపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు):
1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేదాకా బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాకే చెందినవి. ఆ తరువాత ఇచ్ఛాపురం అటు, మనం ఇటు అయ్యాము. చేపల వేట కోసం దక్షిణం నుంచి వచ్చిన కుటుంబాలు లేవని నేననను. అయితే ఇచ్ఛాపురం తీరం నుంచి గోపాల్‌పూర్‌కు మారినవారు ఆనాడు జిల్లా కూడా దాటలేదు. దానిని వలస అనడం నాకు సమంజసంగా తోచదు.

రంగం అంటే రంగూన్. కళింగపట్నం, బారువ రేవుల మాదిరిగానే గోపాల్‌పూర్ నుంచి కూడా కూలీలు స్టీమర్లలో బర్మాకు వెళ్లేవారు. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను ఆక్రమించుకోవడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి, రేవు వెలవెలబోయింది.

జవాబు 2 (గోపాల్‌పూర్, జాలరి కుటుంబం):
మీ ముత్తాతగారి పని నేను చెబుతాను. ఇక్కడ ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. లోతున్న చోట, దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. మనుషులనూ మూటలనూ కెరటాలు దాటించి దాని దగ్గరకు చేర్చినది మనవాళ్ల పడవలే. ఆ పడవకు మేకులుండవు. పలకలకు అంచుల వెంట కన్నాలు వేసి, సందులలో ఎండుగడ్డి దట్టించి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన బిగువు పడవ కెరటం విరిగే చోట ఇసుకకు కొట్టుకుంటే చీలిపోతుంది. కుట్టిన పడవ కొంచెం వంగి, దెబ్బ కాచుకుని, మళ్లీ సర్దుకుంటుంది. ఇక్కడి పాత బంగళాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. ఈ కుట్టుపని గురించి రాసినవారు తక్కువ. అది నాకు బాధ.

ఇప్పుడు మావన్నీ ఫైబర్ పడవలే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. తెల్లవారాక చూస్తే వలలు ఇసుకలో పూడిపోయి కనిపించాయి. అయినా ఊరు విడిచి వెళ్దామని మా వీధిలో ఎవరూ అనలేదు. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు, మేము గంగమ్మ బిడ్డలమంటాము.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అటక మీద పీచు తాడు చుట్ట ఒకటి ఉంది. బావి తాడేమో అనుకుని ఇన్నాళ్లూ ముట్టలేదు. ఆదివారం దింపి నాయనమ్మకు చూపించి అడుగుతాను.