డెడ్‌లైన్‌కి రెండు రోజులే: మూడో సెంటర్ కోసం మింటెన్‌ని వదులుకోవాలా?

స్కార్‌బరో_నీలిజెర్సీ · మార్చి 5, 2025, రాత్రి

అందరికీ నమస్కారం. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ట్రేడ్ డెడ్‌లైన్, అంటే టీమ్‌లు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు. మన టొరంటో మేపుల్ లీఫ్స్‌కి మూడో సెంటర్ కావాలి, దానికి మింటెన్ అనే మన కుర్రాడిని ఇవ్వాలా అన్నదే ప్రశ్న. ఆ గడువు తర్వాత వేరే టీమ్ నుంచి ఎవరిని తెచ్చుకున్నా ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌ల్లో) ఆడించడానికి లేదు. రెండు రోజులుగా నాకు పని మీద మనసు నిలవడం లేదు. పది నిమిషాలకోసారి ఫోన్ చూస్తున్నాను.

నేను టొరంటోకి 2012 చివర్లో వచ్చాను. ఆ ఏడాది లాకౌట్ వల్ల సీజన్ జనవరిలో మొదలైంది, 48 మ్యాచ్‌లే. రూమ్‌మేట్స్ పక్కన కూర్చోబెట్టుకుని ఆఫ్‌సైడ్ అంటే ఏంటో, ఐసింగ్ అంటే ఏంటో నేర్పారు. నేర్చుకున్న నాలుగు నెలలకే బోస్టన్‌తో ప్లేఆఫ్ సిరీస్, అందులో ఫలితం తేల్చే ఏడో మ్యాచ్. మూడో పీరియడ్‌లో 4-1తో ముందున్నాం. ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడిపోయాం. ఆ రాత్రి బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉన్నాం, టీవీ కట్టేశాక కూడా ఎవరూ సోఫాలోంచి లేవలేదు. తర్వాత 2018, 2019, 2024. ప్రతిసారీ అదే బోస్టన్, అదే ఏడో మ్యాచ్, అదే ఫలితం. అందుకే ఇది నాకు ఊరికే కాలక్షేపం చర్చ కాదు.

విషయానికి వస్తాను. లైన్ అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు, మధ్యలో ఆడేవాడు సెంటర్, పక్కన ఆడేది వింగ్. మాథ్యూస్, టవారెస్ తర్వాత మన మూడో లైన్‌కి సెంటర్ ఎవరు? డోమీ పాస్‌లు అందంగా ఇస్తాడు, కానీ అతను వింగ్‌లోనే బాగుంటాడని నా అభిప్రాయం. హోమ్‌బర్గ్ ఒళ్లు దాచుకోకుండా ఆడతాడు, కానీ గోల్స్ రావు. ప్లేఆఫ్స్‌లో ఒక గోల్ ఆధిక్యంతో చివరి నిమిషం, మన గోల్ పక్కనే ఫేస్‌ఆఫ్ (పక్‌ని, అంటే ఆట ఆడే రబ్బరు బిళ్లని, ఇద్దరి మధ్య వదిలి ఆట మొదలుపెట్టడం) అనుకోండి. అక్కడికి ప్రతిసారీ మాథ్యూస్‌నే పంపితే, గోల్ కొట్టాల్సిన సమయానికి అతని కాళ్లలో సత్తువ ఏం మిగులుతుంది?

ఫేస్‌ఆఫ్ అంటే పక్ కోసం రెండు కర్రలు కొట్టుకోవడమే అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, సెంటర్ ఆడుతుంది. పోయిన శనివారం పొద్దున వాళ్ల కోచ్ అరగంట సేపు ఒక్క ఫేస్‌ఆఫే చేయించాడు. పక్ వైపు చూడొద్దు, దాన్ని వదిలే చేతిని చూడు అన్నాడు. కింది చేతిని కర్ర మీద తిరగేసి పట్టుకో, పాదాలు ఇంకాస్త ఎడం పెట్టు, భుజం కిందికి దించు. పిల్ల పదిసార్లు ఓడిపోయి పదకొండోసారి గెలిచింది. పక్ నేరుగా వెనక ఉన్న డిఫెన్స్ అమ్మాయి కర్రకి అతుక్కున్నట్టు వెళ్లింది. అద్దం ఇవతల నిలబడి అది చూశాకే, ఈ పని కోసం టీమ్‌లు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలు) ఎందుకు ఇస్తాయో నాకు అర్థమైంది.

ఇక ధర. ఈ రోజు టాంపా, గోర్డ్‌నీ బ్యోర్క్‌స్ట్రాండ్‌నీ తెచ్చుకోవడానికి సియాటిల్‌కి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు రెండూ ఇచ్చేసింది, ఇంకా కొసరు కూడా వేసింది. మన 2025 ఫస్ట్ ఎప్పుడో మెకేబ్ కోసం షికాగోకి పోయింది. చేతిలో మిగిలింది రాబోయే ఏళ్ల పిక్‌లు, కొందరు కుర్రాళ్లు. ఫిలడెల్ఫియా సెంటర్ లాటన్ గానీ, సెయింట్ లూయిస్ సెంటర్ షెన్ గానీ కావాలంటే మింటెన్ పేరు అడుగుతారు కదా. నాకు మింటెన్‌ని ఇవ్వడం ఇష్టం లేదు. ఇరవై ఏళ్ల వాడు, సెంటర్, పక్ లేనప్పుడు ఎక్కడ నిలబడాలో ఇప్పటికే తెలిసినవాడు. మీరేమంటారు?

పాత_పక్ · మార్చి 5

అన్నా, నాది ఒకటే మాట. ఇవ్వొద్దు.

2013 డెడ్‌లైన్ రోజు వాషింగ్టన్ ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. మార్టిన్ ఎరాట్ కోసం ఫిలిప్ ఫోర్స్‌బర్గ్‌ని నాష్‌విల్‌కి ఇచ్చేసింది. అంతకుముందు ఏడాదే 11వ స్థానంలో ఎంచుకున్న కుర్రాడు. ఎరాట్ ఏడాది తిరక్కుండానే వాషింగ్టన్ వదిలి వెళ్లిపోయాడు. ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ కొట్టినవాడయ్యాడు, ఇప్పటికీ అక్కడే ఆడుతున్నాడు.

మన ఇంట్లో కథ కూడా చూడండి. 2021లో ఫొలీనో కోసం ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చాం. పాపం, ఒంట్లో బాగోక సరిగ్గా ఆడలేకపోయాడు. మాంట్రియల్ మీద 3-1తో ముందుండి సిరీస్ పోగొట్టుకున్నాం, వేసవిలో ఆయన బోస్టన్‌కి సంతకం పెట్టాడు. రెంటల్ అంటే ఇదే. అద్దె కట్టాం, ఇల్లు మనది కాలేదు.

బ్లూలైన్_బాబాయ్ · మార్చి 6, పొద్దున

పాత_పక్ చెప్పినవన్నీ నిజాలే. కానీ ఎరాట్ కథ చెప్పినప్పుడు టాంపా కథ కూడా చెప్పాలి. 2020లో వాళ్లు కోల్‌మన్ కోసం నోలన్ ఫూట్ అనే మంచి కుర్రాడినీ ఒక ఫస్ట్‌నీ ఇచ్చారు. గుడ్రో కోసం ఇంకో ఫస్ట్ ఇచ్చారు. మూడో లైన్ వాళ్లకి ఇంత ధరా అని అప్పుడు అందరూ నోళ్లు నొక్కుకున్నారు, నేనూ అందులో ఉన్నాను. ఆ ఇద్దరినీ గోర్డ్ పక్కన పెట్టారు. 2020, 2021 రెండేళ్లూ కప్పు వాళ్లదే. 2021 ఫైనల్ రెండో మ్యాచ్‌లో కోల్‌మన్ గాల్లోకి దూకి, పడిపోతూ పడిపోతూ కొట్టిన గోల్ నాకిప్పటికీ కళ్ల ముందు ఉంది.

తేడా ఎక్కడుందో చూడండి. వాళ్లిద్దరికీ కాంట్రాక్ట్ ఇంకో ఏడాది మిగిలి ఉంది, జీతాలు చిన్నవి. ఫొలీనోది ఆ వేసవితో అయిపోయింది. కాబట్టి ట్రేడ్ మంచిదా చెడ్డదా అని కాదు, కాంట్రాక్ట్ ఎంత మిగిలింది అని అడగాలి. లాటన్‌కి వచ్చే సీజన్ కూడా ఉంది. ఏడాదికి 3 మిలియన్ డాలర్లు. ఫిలడెల్ఫియా సగం భరిస్తానంటే మన క్యాప్ (జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) మీద పడేది 1.5 మిలియన్లే. పాత టీమ్ జీతంలో సగం దాకా తన లెక్కలో ఉంచుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది, కాకపోతే ఏ టీమ్ అయినా ఒకే సమయంలో అలా మూడు కాంట్రాక్టులే మోయగలదు. 88 మిలియన్ల క్యాప్‌లో మాథ్యూస్, నైలాండర్, టవారెస్, మార్నర్ నలుగురే సగానికి పైగా తింటున్నప్పుడు ఆ 1.5 మిలియన్లు మనకి బంగారం.

ఇంకో మాట. మార్నర్, టవారెస్ ఇద్దరి కాంట్రాక్టులూ ఈ వేసవితో అయిపోతున్నాయి. ఈ నలుగురూ కలిసి ఆడే చివరి వసంతం ఇదే కావచ్చు. 1967 నుంచి కప్పు లేదు. మింటెన్ ఇరవై అయిదేళ్లకి ఎంత బాగా ఆడతాడో నాకూ చూడాలనే ఉంది. కానీ అప్పటికి మాథ్యూస్ ఇక్కడ ఉంటాడా?

స్కార్‌బరో_నీలిజెర్సీ · మార్చి 6

బాబాయ్, టాంపా మాట ఒప్పుకుంటాను. కాంట్రాక్ట్ మిగిలి ఉంటే అది వేరే లెక్క. 2023లో ఓ'రైలీ వచ్చాడు, 2004 తర్వాత మొదటిసారి ఒక సిరీస్ గెలిచాం, అదీ టాంపా మీద. ఆరో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో టవారెస్ గోల్ కొట్టినప్పుడు మా ఇంట్లో చంటిది నిద్ర లేచి ఏడ్చింది, అయినా మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ జులైలోనే ఓ'రైలీ నాష్‌విల్‌కి వెళ్లిపోయాడు. అలాంటి సెంటర్ ఇంకో ఏడాది ఉండి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే లాటన్‌కి ఫస్ట్ ఇద్దాం, మింటెన్‌ని ఉంచుకుందాం. కుదరదా?

గోలీ_వాళ్లమ్మ · మార్చి 6

అందరూ సెంటరే అంటున్నారు. నాకు భయం డిఫెన్స్ గురించి, అందులోనూ కుడివైపు. టానెవ్ ఒక్కడే నమ్మకమైన రైట్ షాట్, అంటే కుడిచేతి వాటం డిఫెన్స్‌మన్. ఆయన ప్రతి రాత్రీ షాట్లకి ఒళ్లు అడ్డం వేస్తాడు, ఆయనకి దెబ్బ తగిలితే?

కుడివైపు ఎడమచేతి వాటం వాడు ఆడితే ఏమవుతుందో మా అబ్బాయి గోల్ వెనక నిలబడి చూస్తూనే ఉంటాను. పక్ బోర్డు పక్కనుంచి దొర్లుకుంటూ వస్తుంది. రైట్ షాట్ అయితే కర్ర ముందువైపుతో ఆపి, అదే ఊపులో ముందుకి పంపేస్తాడు. లెఫ్ట్ షాట్ అయితే వెనకవైపుతో ఆపాలి, లేదా ఒళ్లంతా తిప్పాలి. ఆ ఒక్క సెకనులో ఎదుటివాడు మీదకి వచ్చేస్తాడు, పక్ మళ్లీ మా వాడి ముందుకే వస్తుంది. పోయిన ఏడాది ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్ గోల్ చూడండి. లిండ్‌హోమ్ దూరం నుంచి పక్‌ని బోర్డుకి కొట్టి వదిలాడు, అది తిరిగొచ్చేసరికి పాస్త్రనాక్ మన వెనకకి వెళ్లిపోయి ఉన్నాడు. సీజన్ అంతా కష్టపడి అంత మామూలు పక్ మీద ఓడిపోయాం.

మన గోలీ స్టోలార్జ్ మోకాలి ఆపరేషన్ నుంచి తిరిగొచ్చాడు. అతని ముందు ఒక పొడుగాటి మనిషిని నిలబెడితే చాలు నాకు.

కొత్తగా_చూస్తున్నా · మార్చి 6, రాత్రి

ఒక సందేహం. కరోలినా, రాంటనెన్‌ని మళ్లీ ట్రేడ్ చేయొచ్చని అంటున్నారు. మార్నర్‌ని ఇచ్చి అతన్ని తెచ్చుకోవచ్చుగా?

బ్లూలైన్_బాబాయ్ · మార్చి 6, రాత్రి

తమ్ముడూ, మార్నర్ కాంట్రాక్ట్‌లో నో-మూవ్‌మెంట్ క్లాజ్ ఉంది. అతను సరే అంటే తప్ప ఎక్కడికీ పంపలేరు. పుట్టింది మార్కమ్‌లో, చిన్నప్పటి నుంచి ఈ టీమ్‌నే చూస్తూ పెరిగాడు. ప్లేఆఫ్స్ ముందు సంతకం పెట్టి వెళ్లమంటే ఎందుకు వెళ్తాడు? నేనైనా వెళ్లను. ఇంకోటి, ఈ రాత్రే ఐలాండర్స్ నెల్సన్‌ని కొలరాడోకి ఇచ్చేశారు. రిచీ అనే 2023 ఫస్ట్ రౌండ్ కుర్రాడు, పైన ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్. సెంటర్ల ధర అలా ఉంది. నీలిజెర్సీ, మింటెన్‌ని ఉంచుకుంటాం అనే మాట మీద నాకు ఆశ తగ్గుతోంది.

స్కార్‌బరో_నీలిజెర్సీ · మార్చి 7, సాయంత్రం

అయిపోయింది. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

మొదట లాటన్ వచ్చాడు. 2027 ఫస్ట్, గ్రెబెన్కిన్ వెళ్లారు. బాబాయ్ అన్నట్టే ఫిలడెల్ఫియా సగం జీతం భరిస్తోంది. మింటెన్ పేరు లేదు. నేను లేచి టీ పెట్టుకున్నాను. లాటన్‌ది ఓక్‌విల్, అంటే ఇంటికొస్తున్నట్టే. చాలా సంతోషమనిపించింది.

గడువు ముగిసే వేళకి కార్లో. బోస్టన్ నుంచి. ఆరడుగుల అయిదంగుళాల రైట్ షాట్, ఇంకో రెండు సీజన్ల కాంట్రాక్ట్. గోలీ_వాళ్లమ్మ గారూ, మీరు అడిగిన మనిషే. కానీ దానికి 2026 ఫస్ట్, ఈ ఏడాది నాలుగో రౌండ్ పిక్, మింటెన్. ఆ 2026 ఫస్ట్ మొదటి అయిదింట్లో పడితే మన దగ్గరే ఉంటుందట, అది వేరే సంగతి. నేను సెంటర్ కోసం భయపడుతుంటే కుర్రాడు డిఫెన్స్‌మన్ కోసం వెళ్లిపోయాడు. వెళ్లింది ఎక్కడికి? బోస్టన్‌కి.

కార్లో మనకి కావాలి, అది కాదనను. ఇద్దరికీ కాంట్రాక్ట్ ఉంది, ఇద్దరూ అద్దెకి వచ్చినవాళ్లు కాదు. మన జనరల్ మేనేజర్ ట్రిలివింగ్ స్థానంలో నేనుంటే లాటన్ ట్రేడ్ కళ్లు మూసుకుని చేసేవాడిని. కార్లోది చేసేవాడిని కాదు. ఫస్ట్ రౌండ్ పిక్ ఇవ్వొచ్చు, కుర్రాడిని ఇవ్వొచ్చు, ఒకే డిఫెన్స్‌మన్ కోసం రెండూ ఇవ్వడం నాకు మింగుడు పడటం లేదు.

రాంటనెన్ డల్లాస్ వెళ్లాడు, ఎనిమిదేళ్లు, ఏడాదికి 12 మిలియన్లు. అది మన గొడవ కాదు. నాకు నిజంగా నిద్ర పట్టనివ్వనిది మార్షాండ్ వార్త. బోస్టన్ తన కెప్టెన్‌ని ఫ్లోరిడాకి, అదీ ఒక షరతులతో కూడిన రెండో రౌండ్ పిక్‌కి ఇచ్చేసింది. 2013 నుంచి ఆ నాలుగు ఏడో మ్యాచ్‌లూ మన మీద గెలిచిన మనిషి. ఇప్పుడు గాయంతో ఉన్నాడు, కానీ ప్లేఆఫ్స్‌కి దిగుతాడు. మన డివిజన్‌లోనే, కప్పు గెలిచి ఉన్న టీమ్‌లో. బోస్టన్ పీడ పోయిందని సంతోషించాలో, అతను ఫ్లోరిడా దారిలో మళ్లీ ఎదురొస్తాడని భయపడాలో తెలియడం లేదు.

స్కూల్ నుంచి వచ్చాక అమ్మాయికి చెప్పాను. మింటెన్ వెళ్లిపోయాడంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మన మీద ఫేస్‌ఆఫ్ తీసుకుంటాడా?" అని అడిగింది. తీసుకుంటాడమ్మా అన్నాను. "లాటన్ చేయి తిరగేసి పట్టుకుంటాడా?" అంది. రేపు డెన్వర్‌లో కొలరాడోతో మ్యాచ్ ఉంది, ఇద్దరం కూర్చుని చూద్దాం అని చెప్పాను.