పదో తరగతిలో గేమ్స్ పీరియడ్ ఉండాలా, తీసేయాలా?

పదో క్లాసు అమ్మ:
మా అమ్మాయి ఈ ఏడు పది. దసరా సెలవులయ్యాక వాళ్ళ స్కూల్లో గేమ్స్ పీరియడ్ తీసేసి లెక్కలకు ఇచ్చారు. మీటింగులో ఒక్కరం కూడా కాదనలేదు, నేనూ తలూపిన దాన్నే. ఇప్పుడు పొద్దున ఏడింటికి బస్సెక్కితే ట్యూషన్ ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతోంది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. నాలుగు నెలలు ఆడకపోతే కొంపలు మునుగుతాయా? మీరేమంటారు?

లెక్కల సారు:
మునగవమ్మా. పీరియడ్ నలభై నిమిషాలు. లైను కట్టించి, గ్రౌండుకు తీసుకెళ్ళి, మళ్ళీ క్లాసుకు తెచ్చేసరికి సగం అయిపోతుంది. మిగిలిన దాంట్లో పదిమంది క్రికెట్ ఆడతారు, ముప్ఫై మంది చెట్టుకింద కబుర్లు. తర్వాత నా క్లాసులో అందరూ కునుకుపాట్లు. దానికోసం మార్చి పరీక్షల ముందు సిలబస్ ఆపాలా? ఆడేవాడు ఆదివారం ఎలాగూ ఆడతాడు.

విజిల్:
పీఈటీగా పదిహేనేళ్ళ నుంచి చేస్తున్నా. సార్, లెక్క మీదే కాబట్టి లెక్కే చెబుతా. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కే కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2019లో ఆ సంస్థ పరిశోధకులు ఇచ్చిన లెక్క ప్రకారం 11–17 ఏళ్ళ వాళ్ళలో ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మందికి ఆపాటి కదలిక లేదు. మన దేశంలో 74 మందికి లేదు. నలుగురిలో ముగ్గురన్నమాట. ఆదివారం ఒక్కరోజు ఆడితే వారం బాకీ తీరదు.

సీబీఎస్ఈ 2018లోనే తొమ్మిది నుంచి పన్నెండు దాకా రోజూ ఒక ఆటల పీరియడ్ తప్పనిసరి చేసింది. టైంటేబుల్లో అది కనిపిస్తుంది, క్లాసులోకి చూస్తే సైన్సు సారు కనిపిస్తాడు.

చెట్టుకింది ముప్ఫై మంది మాట మాత్రం ఒప్పుకుంటా. అది మా తప్పే. ఒక బ్యాటు, ఒక బంతి ఇచ్చి నీడలో నిలబడే పీఈటీలను నేనూ చూశా (నేనూ నిలబడ్డా, ఏప్రిల్ ఎండల్లో). క్రికెట్లో ఒకేసారి పరుగెత్తేది ముగ్గురో నలుగురో. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు కానీ వీపు మీద ఎప్పుడు చెయ్యి పడుతుందో తెలీదు, కాబట్టి కునుకు తీయరు. నాలుగు తాడులుంటే స్కిప్పింగ్‌కు గ్రౌండే అక్కర్లేదు.

గోదారి గట్టు:
మాకు పీరియడూ లేదు, పీఈటీ కూడా లేడు. బడి మూడు కిలోమీటర్లు, పోనూ రానూ ఆరు. వచ్చాక కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, చీకటి పడ్డాక అమ్మ కేకలు. ఇప్పుడు బస్సు గేటు దగ్గరకే వస్తోంది. పోయింది ఆ నడక అండీ, మీరు పీరియడ్ గురించి కొట్టుకుంటున్నారు.

విజిల్:
నడక సరే. రోడ్డు మీద పిల్లల్ని ఎవరు వదులుతారు? విద్యా హక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. మా వీధిలో ఒక బడి షాపుల మీద రెండో అంతస్తులో నడుస్తోంది.

ఇంటర్ పిల్ల:
పెద్దవాళ్ళందరూ మాట్లాడారు కాబట్టి నేనూ ఒక మాట. మా స్కూల్లో గేమ్స్ పీరియడ్ పదో క్లాసులో కూడా ఉండేది. గ్రౌండు మాత్రం మగపిల్లలది, మెట్లు మావి. ఎనిమిదో క్లాసు దాటాక బంతి పట్టుకుంటే ‘పెద్దపిల్లవి, ఆ గెంతులేంటి’ అనేవాళ్ళు, మేడమ్‌లతో సహా. చున్నీతో కబడ్డీ ఆడి చూడండి తెలుస్తుంది. నెలసరి రోజుల్లో బాత్రూంలో నీళ్ళు కూడా ఉండవు. పీరియడ్ ఉంచినా మాకు ఒరిగిందేమీ లేదు. వారంలో రెండు రోజులు గ్రౌండు మాకు మాత్రమే అని రాసిపెట్టి ఉంటే ఆడేవాళ్ళమే.

లెక్కల సారు:
ఈ అమ్మాయి చెప్పింది నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా నా పీరియడ్ ఇవ్వను. సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట కోసుకోండి, అక్కడ ఎలాగూ ఎవరూ చదవరు.

విజిల్:
రాసివ్వండి సార్, హెచ్ఎం దగ్గరకు నేను తీసుకెళతా.

పదో క్లాసు అమ్మ:
మా స్కూల్లో అడుగుతా, రెండు రోజుల గ్రౌండు సంగతి కూడా. ఈలోపు ట్యూషన్‌కు ఆటో మాన్పించాను, కిలోమీటరున్నరే. వీధికుక్కల భయం కొద్దీ నేనూ వెంట నడుస్తున్నా. ఆయాసం ఇప్పుడు నాకు.