డాంగిల్ పెడితే సీడీ బొమ్మ వస్తోంది, మోడెమ్ రావట్లేదు

ప్రశ్న:
నమస్తే అండి. లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి డెబియన్ 12 లినక్స్ వేసుకున్నా, అన్నీ బానే ఉన్నాయి కానీ పాత 4జీ యూఎస్‌బీ డాంగిల్ పెట్టగానే డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వస్తోంది, తెరిస్తే లోపల విండోస్ సెటప్ ఫైలు ఒకటుంది అంతే. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటే మెనూలో లేదు. మొన్నటిదాకా విండోస్‌లో శుభ్రంగా పనిచేసింది. డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ప్లీజ్ హెల్ప్, ఫోన్లోంచి టైప్ చేస్తున్నా.

జవాబు 1:
డ్రైవర్ కోసం తిరక్కండి, చాలావరకు లినక్స్ మూలభాగమైన కెర్నెల్లోనే ఉంటుంది. ఈ డాంగిల్స్‌కి రెండు వేషాలు. ముందు సీడీ డ్రైవ్‌లా కనబడి తన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమంటుంది, ఆ సాఫ్ట్‌వేర్ ఒక మెసేజ్ పంపితే అప్పుడు మోడెమ్‌గా మారుతుంది. లినక్స్‌లో ఆ మెసేజ్ పంపేది యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ. ఫోన్ టెథరింగ్ పెట్టి అది వేయండి, డాంగిల్ పీకి మళ్లీ పెట్టండి. ముందూ తర్వాతా టెర్మినల్లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీకి పెట్టినవాటి జాబితా చూపే కమాండ్) కొట్టి చూడండి, ఐడీలో కోలన్ తర్వాత నాలుగు అక్షరాలు మారితే వేషం మారినట్టే. హువావే ఈ3372 హైలింక్ రకమైతే 1ఎఫ్01 కాస్తా 14డీసీ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మారిందండీ, సీడీ బొమ్మ పోయింది! కానీ మోడెమ్‌లని చూసుకునే మోడెమ్‌మేనేజర్ ప్రోగ్రామ్ మాత్రం మోడెమ్ ఏదీ లేదనే అంటోంది.

జవాబు 2:
వైర్డ్ కనెక్షన్ కొత్తది వచ్చిందేమో చూడండి. హైలింక్ లాంటివాటిలో లోపలే చిన్న రౌటర్ ఉంటుంది, సిస్టమ్‌కి ఎథర్‌నెట్ కార్డులా కనిపిస్తాయి, అందుకే మోడెమ్‌మేనేజర్‌కి దొరకవు. బ్రౌజర్లో 192.168.8.1 కొట్టి చూడండి, ఏపీఎన్ (సిమ్ కంపెనీ ఇంటర్నెట్‌కి దారి పేరు), సిమ్ పిన్ అక్కడే.

ఇంకోటి కొనేటప్పుడు మాత్రం స్పీడు కంటే ముందు అది క్యూఎంఐ, ఎంబీఐఎం (మోడెమ్ సిస్టమ్‌తో మాట్లాడే పద్ధతులు) లలో ఏది మాట్లాడుతుందో కనుక్కోండి, మొదటిదానికి కెర్నెల్ 3.4 నుంచి, రెండోదానికి 3.8 నుంచి డ్రైవర్ ఉంది. డయలప్ రోజుల్లో నా పీసీలో విన్‌మోడెమ్ కార్డు ఉండేది, సిగ్నల్ పని చాలావరకు చిప్ బదులు విండోస్ డ్రైవరే చేసేది, ఆ కోడ్ కంపెనీ బయటపెట్టలేదు, కార్డు బాగున్నా లినక్స్‌లో ఉత్త రేకుముక్క. అదే బయట సీరియల్ కేబుల్‌తో పెట్టే మోడెమ్ అయితే ఏటీ కమాండ్ (మోడెమ్‌కిచ్చే మామూలు ఆదేశం) కొట్టగానే ఓకే అని బదులిచ్చేది. ఎలా మాట్లాడాలో అందరికీ తెలిసిన హార్డ్‌వేర్‌కే డబ్బు పెట్టండి, నా మాట వినండి.

ప్రశ్న అడిగినవారు:
వైర్డ్ కనెక్షన్ 2 అని ఉందండీ, నేనే చూసుకోలేదు. ఆ పేజీలో ఏపీఎన్ ఖాళీగా ఉంది, నింపగానే వచ్చేసింది. ఇది డాంగిల్ మీదే టైప్ చేస్తున్నా. ఇద్దరికీ చాలా థాంక్స్.