15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటారు బ్యాటరీని ఛార్జ్ చెయ్యడం లేదు, స్టేటర్ మార్చాలా?

మైలవరం_గట్టు:
మైలవరం రిజర్వాయర్‌లో వలల పడవ. మోటారు 15 హెచ్‌పీ టూ స్ట్రోక్, సెల్ఫ్ స్టార్ట్, ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లేని పాత మోడల్. బ్యాటరీ 12 వోల్టులు, 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), నీళ్లు పోసే రకం. ఇంజన్ ఆపితే 12.2, నడుస్తున్నప్పుడు కూడా అదే 12.2. రేసు పెంచినా కదలదు. మోటారు మాత్రం బాగా లాగుతాంది, స్పార్క్‌లో తేడా లేదు. స్టేటర్ పోయింది, మొత్తం మార్చాల అంటాన్నాడు మెకానిక్. అంత ఖర్చు పెట్టేముందు మల్టీమీటర్‌తో తేల్చుకునే దారి ఉంటే చెప్పండన్నా.

కడప_వైరింగ్:
స్టేటర్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ వేరు, బ్యాటరీకి ఇచ్చే లైటింగ్ కాయిల్ వేరు. రెండూ ఫ్లైవీల్ కింద స్టేటర్‌లోనే ఉంటాయి. స్పార్క్ బాగుందంటే ఫ్లైవీల్ అయస్కాంతాలు చాలావరకు బాగున్నట్టే. మిగిలింది లైటింగ్ కాయిల్, రెక్టిఫైయర్ (కాయిల్ ఇచ్చే ఏసీని బ్యాటరీకి డీసీగా మార్చేది), ఫ్యూజు, వైర్లు. బ్యాటరీ వైపు నుంచి వెనక్కి వెతుక్కుంటూ పో.

ముందు ఇంజన్ ఆపి, రెక్టిఫైయర్ నుంచి బయటికొచ్చే ఎర్ర వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య వోల్టేజీ చూడు. బ్యాటరీ దగ్గర ఎంతుందో అక్కడా అంతే రావాల. సున్నా వస్తే ఫ్యూజో వైరో తెగినట్టు. 12.2 వచ్చినా అక్కడితో నమ్మొద్దు. చిలుము పట్టిన జాయింటు కూడా మీటరుకు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. అదే రెండు చోట్ల హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, పట్టి చూడు. నిండుగా వెలగాల. మసకగా వెలిగితే ఫ్యూజు హోల్డరు, లగ్గులు, ఇంజన్ ఎర్త్ బోల్టు విప్పి గీకి బిగించు.

బల్బు బాగా వెలిగితే కాయిల్ చూడు. రెక్టిఫైయర్‌లోకి పోయే ఒకే రంగు వైర్ల జత ఊడదీయి. యమహాల్లో ఆకుపచ్చ, మెర్క్యురీల్లో పసుపు. ఆ రెండింటి మధ్య ఓమ్స్ చాలా తక్కువ ఉండాల, మామూలుగా ఒకటి అటూ ఇటూ. మీటరు తీగలు రెండూ తాకిస్తే వచ్చే 0.2, 0.3 అందులోంచి తీసెయ్యి. తర్వాత ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య చూడు, ఏమీ చూపించకూడదు, అంటే మీటరు మీద ఓఎల్ (దారి లేదని గుర్తు) రావాల.

ఇంక ఇంజన్ స్టార్ట్ చేసి, ఆ జత మీద ఏసీ వోల్టులు చూడు. డ్రమ్ములో పెట్టి, నీళ్లు తీసుకునే రంధ్రాల పైదాకా నీళ్లుండాల, గేరు న్యూట్రల్, రేసు కొంచెమే. రేసుతో పాటు వోల్టులు ఎక్కాల. పొడిగా మాత్రం తిప్పొద్దు, ఇంజన్‌కు నీళ్లు తోడే ఇంపెల్లర్ కాలిపోతుంది.

మైలవరం_గట్టు:
చూసినానన్నా. బల్బు నిండుగా వెలిగింది. కాయిల్ తీగలు పోను 0.7 ఓమ్స్, బాడీకి ఏమీ లేదు. ఏసీ స్లోలో 9, కొంచెం రేసిస్తే 20 దాటింది.

కర్నూలు_ఎలక్ట్రానిక్స్:
అయితే కాయిల్ భేషుగ్గా ఉంది. దోషం రెక్టిఫైయర్‌దే. దాని లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లుంటాయి, మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి ఖాయం చేసుకో. దాని వైర్లన్నీ ఊడదీసి, ఒక్కో ఏసీ కాలుకీ ఎర్ర కాలుకీ, మళ్లీ ఒక్కో ఏసీ కాలుకీ బాడీకీ మధ్య చూడు. ఒకవైపు 0.4 నుంచి 0.7, తీగలు మార్చితే ఓఎల్. రెండువైపులా సున్నా వస్తే ఆ డయోడ్ షార్ట్, రెండువైపులా ఓఎల్ వస్తే తెగింది. రెగ్యులేటర్ కలిసిన రకానికి ఈ పరీక్ష తుది మాట కాదు, నీది మామూలు రెక్టిఫైయరే కాబట్టి చెల్లుతుంది.

అసలు పార్టు దొరక్కపోతే కేబీపీసీ 3510 బ్రిడ్జి (నాలుగు డయోడ్లు కలిపిన రెక్టిఫైయర్) పెట్టొచ్చు, 35 ఆంపియర్లు, 1000 వోల్టులు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవగ్గా వస్తుంది. ~ గుర్తున్న రెండు కాళ్లకు కాయిల్ వైర్లు, + కు ఎర్ర వైరు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పాతది బాడీ ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది, ఈ బ్రిడ్జి బాడీ ఏ కాలికీ కలవదు. కాబట్టి − కాలి నుంచి ఇంజన్‌కు వేరే వైరు వెయ్యాల. కింద హీట్‌సింక్ పేస్టు పూసి లోహం మీద బిగించు. కాయిల్ ఒక కొస బాడీకి కలిసున్న మోటారుకు ఇది పెట్టకూడదు, షార్ట్ అవుతుంది. నీ కాయిల్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఎందుకు పోయిందో కూడా చూడు, లేదంటే కొత్తదీ పోతుంది. బ్యాటరీ ఒక్క క్షణం తిరగేసి తగిలించినా, ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడినా డయోడ్లు పోతాయి. చేత్తో తిప్పే వింగ్ నట్టు అలల అదురుకు వదులవుతుంది. అది తీసేసి స్ప్రింగ్ వాషర్‌తో మామూలు నట్టు వేసి స్పానర్‌తో బిగించు.

మైలవరం_గట్టు:
రెండు కాళ్ల మధ్య అటూ ఇటూ 0.00 వచ్చిందన్నా. బ్రిడ్జి తెచ్చుకుంటా. ఇంక బ్యాటరీ దిగదు కదా?

కడప_వైరింగ్:
అది నీ లోడును బట్టి ఉంటుంది. ఈ సైజు కాయిల్ ఫుల్ రేసులో సుమారు 6 ఆంపియర్లు ఇస్తుంది, వల వేస్తూ స్లోలో పోయేటప్పుడు ఒకటో రెండో. 10 వాట్ల ఎల్‌ఈడీలు రెండుంటే 1.7, ఫిష్ ఫైండర్ అర, నీళ్లు తోడే పంపు 3. అన్నీ వేసి మెల్లగా తిరిగితే బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. సెల్ఫ్ కొట్టినందుకే దిగిందనుకుంటారు చాలామంది, అది నిజం కాదు. 100 ఆంపియర్లు 3 సెకన్లు లాగినా 0.1 ఏహెచ్ కూడా కాదు.

బిగించినాక నీళ్ల మీదికి పోయి సగం రేసులో బ్యాటరీ దగ్గర చూడు, 13.5 నుంచి 14.5 మధ్య రావాల. నీకు రెగ్యులేటర్ లేదు కాబట్టి, బ్యాటరీ నిండినాక ఫుల్ రేసులో 15 దాటొచ్చు. అందుకని సీల్డ్ బ్యాటరీ వద్దు, ఈ నీళ్లు పోసేదే ఉంచుకో. మన ఎండలకు వేసవిలో వారం వారం డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడు. కరెంటు కొలవాలంటే డీసీ చూపించే క్లాంప్ మీటర్ ఎర్ర వైరుకు తగిలించు, మామూలు క్లాంప్ ఏసీ ఒక్కటే చూపిస్తుంది.