వలస కుటుంబం బిడ్డ బెజవాడ మేయర్ కావాలంటే: జనం ఓటా, కార్పొరేటర్ల ఓటా? బెజవాడలోని మూడు పేటలవాళ్ళు, గుంటూరు నుంచి ఒకరు వాదించుకుంటున్నారు

వన్‌టౌన్:
పాకిస్తాన్ నుంచి లండన్ వెళ్ళి బస్సు నడిపిన మనిషి కొడుకు సాదిక్ ఖాన్. 2016లో ఆ నగరానికి మేయర్ అయ్యారు. మన దగ్గరా శ్రీకాకుళం, ఒడిశా, రాజస్థాన్ నుంచి వచ్చి తరాలుగా స్థిరపడినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలకు ఆ కుర్చీ అందాలంటే మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి తిరిగి రావాలి. 2000లో అలా జరిగినప్పుడే పంచుమర్తి అనురాధ గారు 26 ఏళ్ళకు మేయర్ అయ్యారు. 2021లో 64 డివిజన్ల కార్పొరేటర్లు చేతులెత్తి మేయర్‌ని ఎన్నుకున్నారు. విప్‌ను, అంటే ఫలానా వాళ్ళకే ఓటేయమన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది కాబట్టి, పేరు హాల్లోకి రాకముందే ఖరారైపోతుంది.

కృష్ణలంక:
ఒప్పుకోనండీ. వలస వచ్చినవాళ్ళ ఓట్లు రెండు మూడు డివిజన్లలోనే గుంపుగా ఉంటాయి. అక్కడ కార్పొరేటర్‌గా గెలవచ్చు. ఊరంతా ఓటేసే ఎన్నికలో ఆ ఓట్లు ఏ మూలకు? 64 డివిజన్లలో బూత్ ఏజెంట్లను పెట్టుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? కార్పొరేటర్లే ఎన్నుకునే పరోక్ష పద్ధతిలో అయితే 33 మంది ఒప్పుకుంటే చిన్న వర్గం మనిషి కూడా మేయరే. ఎమ్మెల్యే, ఎంపీలకు పదవి హోదాతో వచ్చే ఎక్స్ అఫీషియో ఓట్లు కలిస్తే ఆ లెక్క కాస్త మారుతుంది, అంతే.

పటమట:
ఇద్దరూ చివరి మెట్టు గురించే మాట్లాడుతున్నారు. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. పోటీ చేయాలంటే 21 ఏళ్ళు నిండాలి, నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి. పలాసలో ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 ఇవ్వాలి. తెలియక కొత్తగా ఫారం 6 పెడతారు. అప్పుడు రెండు చోట్లా పేరుండి అభ్యంతరం వస్తుంది. అద్దె ఇంట్లో కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది, ఒప్పంద పత్రం రాసివ్వడానికి ఓనర్లు వెనకాడతారు. కాగితం లేకపోయినా బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి (బీఎల్ఓ) ఇంటికొచ్చి విచారించవచ్చు, ఆ సంగతి అడిగి చేయించుకోవాలి. అభ్యర్థి ఓటు నగరంలో ఏ డివిజన్లో ఉన్నా ఫర్వాలేదు, ప్రతిపాదించేవారు మాత్రం ఆ డివిజన్ ఓటరే అయ్యుండాలి. కొండ మీది ఇళ్ళలో ఒకే కుటుంబం ఓట్లు రెండు డివిజన్లలో పడుతుంటాయి. నామినేషన్ వేసే ముందు జాబితాలో ప్రతిపాదించేవారి డోర్ నంబరు చూసుకోకపోతే పరిశీలనలో కొట్టేస్తారు. పార్టీ మనిషైతే ఉపసంహరణ గడువులోగా ఆయనే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ ఫారం అందాలి, లేకుంటే స్వతంత్రుడే.

ఇంకోటి, రిజర్వేషన్. ఒడిశా నుంచి వచ్చిన ఎస్సీ కుటుంబానికి ఆ రాష్ట్ర ధ్రువపత్రం ఇక్కడి రిజర్వుడు సీటుకు పనికిరాదు. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళిన విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానికే. పిల్లలు ఇక్కడే పుట్టినా జనరల్ సీటులోనే దిగాలి. శ్రీకాకుళం వాళ్ళకు ఈ చిక్కు లేదు.

బ్రాడీపేట, గుంటూరు:
సరే, గెలిచాక? 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. మేయర్ కౌన్సిల్‌కి అధ్యక్షత వహిస్తారు, తీర్మానాలు చేయిస్తారు. బెజవాడ వర్షపునీటి కాల్వలకు కేంద్రం 461 కోట్లు ఇస్తే, పని ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ చేతికి వెళ్ళింది. వీధిలో నీళ్ళు నిలిస్తే జనం తిట్టేది మాత్రం మేయర్‌నే. 2025 మార్చిలో మా గుంటూరు మేయర్ రాజీనామా చేశారు, ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌ని అవిశ్వాసంతో దించారు. ఇంత వణికే కుర్చీలో వెనక బలగం లేని మనిషిని కూర్చోబెడితే ఎన్నాళ్ళుంటారు?

వన్‌టౌన్:
అందుకే కదండీ నేరుగా ఎన్నుకోమనేది! జనం కూర్చోబెట్టినవాళ్ళని కార్పొరేటర్లు పార్టీ మారినంత తేలిగ్గా దించనివ్వకూడదు.

కృష్ణలంక:
మరి మేయర్‌ది ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ ఇంకో పార్టీ అయితే బడ్జెట్ ఎవరు పాస్ చేస్తారు?

వన్‌టౌన్:
లండన్ అసెంబ్లీలో 25 మంది సభ్యులు. మేయర్ బడ్జెట్‌ని మార్చాలంటే ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది కావాలి. ఆ నిబంధన మన చట్టంలో చేర్చి, ఇంజనీరింగ్, పారిశుధ్యం మేయర్ కింద పెట్టండి. విడిగా ఏ ఒక్కటి చేసినా పని జరగదు.